నీటి క్రింది కొలువు నుండి నేలమీది కొలువునకు

దండు విడిచి వచ్చిన సైనికునికి బ్రతుకుతెరువేమి యను ప్రశ్న రాజ్యములంత పురాతనమైనది. మన పల్లెలలో నెన్నియో కుటుంబములకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. పట్టాళము నుండి పింఛనుతో తిరిగివచ్చిన పెద్దలు కొందరు మడి దున్నిరి. కొందరు బ్యాంకుల వాకిట కావలి నిలిచిరి. రైల్వేలలోను, కర్మాగారములలోను కుదురుకొన్నవారును కలరు. వీరిలో పెక్కుమందికి దండులో నేర్చిన విద్య వేరు, బయట చేసిన పని వేరు. కాని ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా దేశములో ఒక క్రొత్త త్రోవ ఏర్పడినది. సముద్రగర్భమున యుద్ధనౌకను నడపుటకు నేర్చిన విద్యయే, నేలమీద ఊళ్లకు దీపములు వెలిగించు వృత్తి యయ్యెను. ఆ త్రోవ ఎట్లు పడినది, దానిని పట్టినవారు తమ వెంట ఏమి తెచ్చిరి, ఒక తెల్లవారుజామున ఆ తెచ్చినదే వారికెట్లు అడ్డు వచ్చెను — ఈ విషయములను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఈ కథకు మూలపురుషుడు హైమన్ రికోవర్. పోలండులోని ఒక చిన్న పట్టణమున యూదు కుటుంబమున పుట్టి, బాల్యముననే అమెరికా చేరి, 1922లో ఆ దేశపు నౌకాదళ విద్యాలయమునుండి పట్టా పొందినవాడు. 1946లో నౌకాదళమువారు ఆయనను మరికొందరితో కలిపి టెన్నెసీ రాష్ట్రమునందలి ఓక్‌రిడ్జ్ అణుకేంద్రమునకు పంపిరి. అప్పటి జలాంతర్గాములు డీజిలు యంత్రములతోను, బ్యాటరీలతోను నడచుచుండెడివి. డీజిలు యంత్రమునకు గాలి కావలెను; బ్యాటరీలు తరుగుకొలది మరల నింపుకొనవలెను. కావున ఆ నౌక మాటిమాటికి నీటిపైకి రావలసియుండెను. పేరునకు జలాంతర్గామియే గాని, నిజమునకు అది అప్పుడప్పుడు మునుగు నావ మాత్రమే. యురేనియం పరమాణువు చీలుటకు గాలితో పని లేదు. ఆ వేడితో నీటిని కాచి, ఆ ఆవిరితో టర్బైనును త్రిప్పగలిగినచో నౌక నెలల తరబడి నీటి క్రిందనే యుండవచ్చును. ఈ ఆలోచనను రికోవర్ పట్టుదలతో సాధించెను.

మొదటి యంత్రము సముద్రమున పుట్టలేదు. ఐడహో రాష్ట్రపు ఎడారిలో పుట్టినది. జలాంతర్గామి పొట్టభాగము వంటి దానిని ఇనుముతో కట్టి, నీటితొట్టిలో నుంచి, అందులో రియాక్టరును అమర్చిరి. 1953 మార్చి 30వ తేదీన అందు విచ్ఛిత్తి పరంపర తనంతట తాను సాగు స్థితికి వచ్చెను. ఆ సంవత్సరము జూను నెలలో, అట్లాంటిక్ మహాసముద్రమును దాటుటకు చాలినంత కాలము ఆ యంత్రమును ఎడతెగక నడిపి చూపిరి. ఓడ కదలలేదు, చుట్టును ఇసుకయే. అయినను సముద్రము దాటినట్లే యయ్యెను. తరువాత 1954 జనవరి 21న నాటిలస్ అను జలాంతర్గామి నీటిలోనికి దిగెను. 1955 జనవరి 17న అది అణుశక్తితో తొలిసారి రేవు విడిచినప్పుడు దానికి అధిపతి యూజీన్ విల్కిన్సన్ అను నౌకాధికారి. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొనగోరెదము. కథ చివర ఆయనను మరల కలిసికొందుము. 1958 ఆగస్టు 3న ఆ నౌకయే ఉత్తరధ్రువపు మంచుపొర క్రిందుగా సాగి చరిత్ర కెక్కెను.

ఇంతలో నేలమీది కథ మొదలయ్యెను. 1953 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితి సభలో అణుశక్తిని శాంతికార్యములకు వినియోగింపవలెనని ప్రసంగించెను. మాటకు తగిన చేత చూపవలసి వచ్చినప్పుడు అందుబాటులో నున్నది నౌకాదళపు విద్యయే. విమానవాహక నౌకకై తలపెట్టిన రియాక్టరును మార్చి, పెన్సిల్వేనియా రాష్ట్రములో ఒహాయో నది ఒడ్డున షిప్పింగ్‌పోర్ట్ అనుచోట విద్యుత్కేంద్రముగా కట్టు పనిని రికోవర్‌కే అప్పగించిరి. అది 1957 డిసెంబరు 2న పని మొదలుపెట్టి, ఆ నెల 23న పూర్తి శక్తిని, అనగా 60 మెగావాట్లను అందుకొనెను. అంతకు ముందే 1954లో సోవియట్ రష్యాలోని ఒబ్నిన్‌స్క్‌లో చిన్న అణువిద్యుత్కేంద్రమును, 1956లో ఇంగ్లండులోని కాల్డర్‌హాల్ కేంద్రమును పని ప్రారంభించియుండినవి. కాని వేడినీటిని మరుగనీయక అధిక పీడనమున నుంచు నౌకాదళపు పద్ధతియే తరువాతి కాలమున లోకమున నెక్కువగా వ్యాపించినది. కావుననే ఓడ దిగి వచ్చిన నావికునికి ఒడ్డుమీద కనబడినది పరాయి యంత్రము కాదు. తానెరిగిన యంత్రమునకు పెద్దన్న.

ఇక ఆ నావికుని చదువు ఎట్టిదో చూతము. 1956లో కనెక్టికట్ రాష్ట్రమునందలి న్యూ లండన్‌లో అణుశక్తి పాఠశాల ఆరంభమయ్యెను. కాలిఫోర్నియా, మేరీలాండ్, ఫ్లోరిడా రాష్ట్రములలో నుండి, 1998 నాటికి దక్షిణ కెరొలైనాలోని చార్లెస్టన్ ప్రాంతమునకు చేరినది. అధికారులుగా రాగోరువారిని రికోవర్ తానే ఎదుట కూర్చుండబెట్టుకొని పరీక్షించెడివాడు. తరువాతి కాలమున దేశాధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ కూడ యౌవనమున అట్టి పరీక్షకు నిలిచినవాడే. విద్యాలయమున తన తరగతిలో 820 మందిలో 59వ స్థానము వచ్చినదని ఆయన గర్వముగా చెప్పగా, నీ శక్తినంతటిని వినియోగించితివా యని రికోవర్ అడిగెనట. లేదని ఒప్పుకొనక తప్పలేదు. ఎందుకు వినియోగింపలేదను ఎదురుప్రశ్నకు కార్టర్ కడ సమాధానము లేకపోయెను. ఆ ప్రశ్న తన్ను జీవితాంతము వెన్నాడినదని ఆయన వ్రాసికొనెను.

సామాన్య నావికుల సంగతి వేరు. వారు ఉన్నత పాఠశాల విడిచిన పదునెనిమిది, ఇరువది యేండ్ల పిల్లలు. ఆరునెలలు తరగతిగదిలో గణితము, భౌతికము, రసాయనము, ఉష్ణప్రసారము, లోహముల గుణములు, రేడియో ధార్మికత నుండి కాపాడుకొను విధము నేర్చెదరు. పాఠ్యగ్రంథములు రహస్యములు, ఇంటికి తీసికొనిపోరాదు. కావున రాత్రి ప్రొద్దుపోవువరకు పాఠశాలలోనే కూర్చుండి చదువవలెను. తరువాత ఆరునెలలు నిజమైన రియాక్టరు వద్ద అభ్యాసము. ఏ గొట్టము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో వెంబడి నడచి కనుగొనవలెను. పటము చూడకుండ కాగితముమీద గీసి చూపవలెను. ఏ వాల్వు మూసినచో ఏ పంపునకు ఏమగునో పెద్దల యెదుట నోటితో చెప్పవలెను. చెప్పినదానికి పరీక్షకుడు చేవ్రాలు చేసిననే అడుగు ముందునకు పడును. మన గురుకులములలో పాఠమును కంఠస్థము చేయుట యొక యెత్తు, దానికి అర్థము చెప్పుట మరియొక యెత్తు గదా! ఇక్కడ రెండవదియే ప్రధానము.

ఈ చదువుతో ఆరేండ్లు కొలువు చేసిన యువకుడు బయటికి వచ్చునప్పటికి ఇరువదియైదేండ్లవాడు. చేతిలో కళాశాల పట్టా యుండకపోవచ్చును. కాని వేయిమందిలో నొకనికి లేని అనుభవము కలదు. 1960, 1970 దశకములలో అమెరికా విద్యుత్ సంస్థలు వరుసగా అణుకేంద్రములను కట్టుచుండగా, వాటిని నడపుటకు మనుష్యులెవ్వరను ప్రశ్న వచ్చినది. సమాధానము ఓడరేవులలో సిద్ధముగా నుండెను. జీతము మిన్న, నెలల తరబడి ఆలుబిడ్డలను విడిచి నీటి క్రింద నుండనక్కరలేదు. నౌకాదళమువారు ప్రత్యేక వేతనములు చూపి వారిని నిలుపుకొనవలసి వచ్చెనన్నచో ఆ గిరాకీ ఎట్టిదో ఊహింపవచ్చును.

అయినను ఓడలో రియాక్టరు నడపినవాడు నేరుగా కంట్రోలు గదిలో కూర్చుండుటకు వీలులేదు. నౌకాదళపు యోగ్యతాపత్రము ఒడ్డున చెల్లదు. ప్రభుత్వపు అణుశక్తి సంఘము, 1975 నుండి దానికి మారుగా నేర్పడిన అణు నియంత్రణ సంఘము, ప్రత్యేకముగా లైసెన్సు నీయవలెను. లైసెన్సులు రెండంతస్తులు: మీటలను చేతబట్టు ఆపరేటరునకొకటి, వారిపై అధికారము గల సీనియరు ఆపరేటరునకొకటి. చాలమంది మాజీ నావికులు మొదట లైసెన్సు అక్కరలేని పనిలోనే చేరుదురు. పలకయు పెన్సిలును పట్టుకొని కేంద్రమంతయు తిరుగుచు, పంపుల ధ్వని వినుచు, మీటర్లను చదివి వ్రాసికొనుచు, కంట్రోలు గది నుండి వచ్చిన ఆజ్ఞ ప్రకారము వాల్వులు త్రిప్పుచు కొంతకాలము గడపుదురు. పిమ్మట సుమారు ఏడాదిన్నర, రెండేండ్ల శిక్షణ, వ్రాతపరీక్ష, యంత్రముల నడుమ నడపించి అడుగు ప్రశ్నలు, వైద్యపరీక్ష. లైసెన్సు వచ్చినను అది ఆ యొక్క కేంద్రమునకే చెల్లును. మరియొక కేంద్రమునకు పోయినచో మరల మొదటికి రావలసినదే. వచ్చిన లైసెన్సును నిలుపుకొనుటకు కూడ ఉద్యోగమున్నంతకాలము మరల మరల శిక్షణ పొందుచు, పరీక్షల కెక్కుచుండవలెను.

ఇంత కట్టుబాటు ఎందుకని కొందరు నావికులు విసుగుకొనుట సహజము. నీరు నీరే, ఆవిరి ఆవిరియే గదా యని వారి వాదము. కాని ఓడకును ఒడ్డునకును గల భేదములు పైకి కనబడునవి కావు. జలాంతర్గామిలో అధిపతి ఆజ్ఞ ననుసరించి శక్తి క్షణక్షణము పెరుగుచు తరుగుచు నుండును. విద్యుత్కేంద్రములో అది నెలల తరబడి ఒకే తీరున సాగును. నీటి అడుగున రియాక్టరు ఆగిపోయినచో నౌకకే ముప్పు. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ అను జలాంతర్గామి 129 మందితో అట్లాంటిక్‌లో మునిగిపోయినప్పుడు, నీరు చొచ్చి విద్యుత్పరికరములు చెడి, రియాక్టరు ఆగి, నౌక పైకి లేవలేకపోయి యుండునని విచారణ సంఘమువారు అభిప్రాయపడిరి. కావున యంత్రమును నడచుచుండునట్లు చూచుటయే నావికునకు ప్రాణరక్షణ. నేలమీద అట్లు కాదు. సందేహము కలిగినచో ఆపివేయుటయే మేలు. ఆపినందువలన ధనము పోవును గాని ఊరు మునుగదు.

అన్నిటికంటె పెద్ద భేదము పరిమాణములో నున్నది. నాటిలస్ యంత్రబలము సుమారు 13 వేల అశ్వశక్తి. అనగా 10 మెగావాట్లు. 1970 దశకపు విద్యుత్కేంద్రమొకటి 900 మెగావాట్ల విద్యుత్తును పుట్టించును. అందుకు దాని రియాక్టరు సుమారు 2,800 మెగావాట్ల వేడిని పుట్టింపవలెను. రియాక్టరును ఆపిన మరుక్షణమున వేడి పూర్తిగా పోదు. నూటికి ఆరేడు పాళ్లు మిగిలియే యుండి, క్రమముగా తగ్గును. ఇది నివురుగప్పిన నిప్పు వంటిది. చిన్న కుంపటిలోని నిప్పును మరచినను గిన్నె మాడి పోవునంతే. ఇటుకబట్టీలోని నిప్పును మరచినచో పర్యవసానము వేరు. చిన్న రియాక్టరునకు నేర్చిన జాగ్రత్తలు పెద్దదానికి సరిపోవునా యను ప్రశ్న ఇక్కడనే యున్నది.

సైనిక క్రమశిక్షణ ఒక్కటే ప్రమాదమును ఆపదని చెప్పుటకు పూర్వమే ఒక నిదర్శనము కలిగినది. పదాతిదళమువారు కూడ మారుమూల స్థావరముల కొరకు చిన్న రియాక్టర్లను నిర్మించిరి. 1961 జనవరి 3వ తేదీ రాత్రి ఐడహోలో అట్టి యొకదానివద్ద పనిచేయుచున్న ముగ్గురు సైనికులు మరణించిరి. నడిమి నియంత్రణ కడ్డీ చేతితో మితిమీరి పైకి లాగబడుటయే కారణము. ఒక్క కడ్డీని లాగినంత మాత్రమున అంతటి ఉత్పాతము కలుగునట్లు యంత్రమును కట్టుట తప్పని నిపుణులు పాఠము నేర్చికొనిరి. అయినను ఆ పాఠము యంత్రముల గురించినది. మనుష్యుల అలవాట్ల గురించిన పాఠమునకు మరి పదునెనిమిదేండ్లు పట్టినది.

1979 మార్చి 28వ తేదీ. పెన్సిల్వేనియా రాష్ట్రములో సస్క్వెహానా నది నడుమ నున్న త్రీ మైల్ ఐలండ్ అను లంకలో రెండవ విద్యుత్కేంద్రము వాణిజ్యముగా పని మొదలుపెట్టి మూడు నెలలు కూడ నిండలేదు. వేకువజామున నాలుగు గంటలకు కంట్రోలు గది బాధ్యతలో నున్నవారు నలుగురు. నలుగురును నౌకాదళమున రియాక్టర్ల వద్ద పనిచేసి వచ్చినవారే. నలుగురును లైసెన్సు పొందినవారే. ఇది ముఖ్యము. వారు అశ్రద్ధపరులు కారు, చదువనివారును కారు.

మొదట ఆవిరిపక్కనున్న నీటిపంపులు ఆగినవి. టర్బైను ఆగెను. రియాక్టరులో పీడనము పెరుగగా, దానిని తగ్గించుటకు పైనున్న వాల్వు తనంతట తాను తెరచుకొనెను. ఎనిమిది క్షణములలో రియాక్టరు కూడ తనంతట తాను ఆగెను. ఇంతవరకు యంత్రము చేయవలసిన పనిని యంత్రము చేసినది. పీడనము తగ్గగానే ఆ వాల్వు మూసికొనవలసియుండెను, మూసికొనలేదు. కాని కంట్రోలు గదిలో దాని దీపము ఆరిపోయెను. ఆ దీపము వాల్వు మూతపడినదని చెప్పునది కాదు. మూసికొనుమను ఆజ్ఞ వెళ్లినదని మాత్రమే చెప్పునది. మన చెరువుల క్రింద వ్యవసాయము చేయువారికి ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. తూము మూయుమని నీరటికి కబురు పంపినంత మాత్రమున తూము మూతపడినట్లు కాదు. కట్టమీదికి పోయి చూచిననే తెలియును.

తెరచియున్న వాల్వు గుండ రియాక్టరు నీరు బయటికి పోవుచుండెను. రెండు నిముషములకు అత్యవసర పంపులు వాటంతట అవే కదలి లోనికి నీరు తోడసాగినవి. అప్పుడు ఆపరేటర్లు ప్రెషరైజరు వంక చూచిరి. ఇది రియాక్టరునకు ప్రక్కగా నున్న పొడవైన తొట్టి. దాని క్రిందిభాగమున నీరు, పైభాగమున ఆవిరి ఉండును. ఆ ఆవిరియే మెత్తని దిండువలె మొత్తము పీడనమును సర్దుచుండును. తొట్టి నీటితో పూర్తిగా నిండినచో దిండు పోవును. చిన్న అదటుకే గొట్టములు పగులవచ్చును. దానిని ఎన్నడును పూర్తిగా నిండనీయరాదని నౌకాదళమున వారికి దినదినము నూరిపోసిరి; ఒడ్డున శిక్షణలోను అదే మాటను బలపరచిరి. ఆ తొట్టిలో నీటిమట్టము గబగబ పెరుగుచున్నది. లోపల నీరెక్కువైనదని తలచి వారు అత్యవసర పంపులను తగ్గించిరి.

నిజమునకు నీరు తరుగుచుండెను. రియాక్టరులో నీరు మరిగి, బుడగలు పుట్టి, ఆ బుడగల త్రోపుడుకు నీరు తెరచియున్న వాల్వు దిక్కుగా, ప్రెషరైజరులోనికి ఎగబ్రాకుచుండెను. పాలు పొంగి గిన్నె అంచునకు వచ్చినప్పుడు గిన్నెలో పాలు పెరిగినవని ఏ ఇల్లాలును అనుకొనదు. కాని రియాక్టరు లోపల నీరెంత యున్నదో నేరుగా చూపు మీటరు ఆ కేంద్రమున లేదు. నిముషములలో నూటికి పైగా అలారములు మ్రోగినవి. ఏది ముఖ్యమో ఏది కాదో తెలియరాలేదు. నేర్చిన సూత్రమొక్కటే చేతికి దొరకినది. వారు దానిని గట్టిగా పట్టుకొనిరి. గంటలు గడచినవి. తరువాతి పాళికి వచ్చిన ఒకరు క్రొత్త కంటితో మీటర్లను చూచి, ఆ వాల్వు మీద అనుమానపడి, దాని వెనుకనున్న అడ్డువాల్వును మూయించునప్పటికి ఆరుంబావు దాటినది. అప్పటికే ఇంధనమున సగపాలు కరగుటకు దారి పడిపోయెను.

దైవవశమున ఉక్కు కాంక్రీటు గోడలు నిలిచినవి, ప్రాణనష్టము కలుగలేదు. కాని రెండు దినముల పిమ్మట, ఐదు మైళ్ల లోపలి గర్భిణీ స్త్రీలను, చిన్నపిల్లలను తరలిపొమ్మని గవర్నరు సలహా ఇచ్చినప్పుడు ఇండ్లు విడిచినవారు లక్షకు పైబడియుండిరి. ఏప్రిల్ 1న అధ్యక్షుడు కార్టర్ స్వయముగా ఆ కంట్రోలు గదికి పోయెను. అది పేరు కొరకు చేసిన యాత్రగా తలంపరాదు. 1952 డిసెంబరులో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు చెడినప్పుడు, దానిని విప్పి శుభ్రపరచుటకు పోయిన అమెరికా నావికులలో ఆయన ఒకడు. రేడియో ధార్మికత కారణముగా ఒక్కొక్కరు లోపల నిముషమున్నరకు మించి యుండరాదు. అందుకై బయట ఆటస్థలమున నమూనా కట్టుకొని, ఏ మరను ఏ వరుసలో విప్పవలెనో అభ్యసించి లోనికి దిగిరి. కంట్రోలు గదిలోని మనుష్యుల కష్టమెట్టిదో ఎరిగిన అధ్యక్షుడాయన.

ఆయన నియమించిన విచారణ సంఘమునకు జాన్ కెమెనీ అను గణితశాస్త్రజ్ఞుడు అధ్యక్షుడు. 1979 అక్టోబరులో వెలువడిన నివేదికలో ఆపరేటర్ల పొరపాటును దాచలేదు. కాని తప్పంతయు వారి తలపై వేసి చేతులు దులుపుకొనలేదు. 1977 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రమునందలి డేవిస్-బెస్సీ కేంద్రములో ఇట్టి వాల్వే ఇట్లే తెరచియుండిపోయెను. అచట ఇరువది నిముషములలో కనుగొనిరి. ఆ వార్త త్రీ మైల్ ఐలండ్ కంట్రోలు గదికి చేరలేదు. ఆపరేటర్లకు శిక్షణనిచ్చిన నమూనా యంత్రము ఇట్టి ప్రమాదమును చూపగలది కాదు. దీపముల అమరిక, పుస్తకములోని సూచనలు, పై అధికారుల నిశ్చింత — అన్నియు కలసి ఆ తెల్లవారుజామునకు దారి తీసినవి. సూత్రము నేర్పిరి గాని, ఆ సూత్రము ఎక్కడ చెల్లదో నేర్పలేదు.

ఇక్కడ శ్రోతలొక ప్రశ్న వేయవచ్చును: అట్లయినచో నౌకాదళమునుండి మనుష్యులను తెచ్చుటయే తప్పా? చరిత్ర చెప్పిన సమాధానము వేరు. ప్రమాదము జరిగిన ఏడాదియే, డిసెంబరులో, విద్యుత్ సంస్థలన్నియు కలసి అణుకేంద్రముల నిర్వహణను సరిదిద్దుటకు అట్లాంటా నగరమున ఒక సంస్థను నెలకొల్పుకొనినవి. దానికి తొలి అధ్యక్షుడుగా ఎవరిని పిలిచిరి? నాటిలస్ తొలి అధిపతి యూజీన్ విల్కిన్సన్‌నే. నౌకాదళమునుండి ఈసారి వారు కోరినది ఒక సూత్రమును కాదు. ఆ సూత్రములను కన్న స్వభావమును. ఏ చిన్న లోపమును దాచకుండుట; ఒకచోట జరిగిన పొరపాటును అన్నిచోట్లకు చాటుట; తనిఖీకి వచ్చినవానిని శత్రువుగా గాక తోడుగా తలచుట. ప్రతి కేంద్రమునకు దాని కంట్రోలు గదినే అచ్చుగ్రుద్దినట్లు చూపు శిక్షణయంత్రము వచ్చినది. ఏమి జరిగినదో ముందుగా నిర్ణయించుకొని పుస్తకమును వెదకు పద్ధతి పోయి, కనబడు లక్షణములను బట్టి ఏమి చేయవలెనో చెప్పు పద్ధతి వచ్చినది. వైద్యుడు రోగము పేరు తెలియకున్నను ముందు ఊపిరిని, నాడిని నిలుపును గదా. అట్లే రియాక్టరులో నీరు నిలుచుట మొదటి పని, కారణము వెదకుట రెండవది.

మన దేశమున ఈ త్రోవ ఎదురుదిక్కుగా నడచినదని చెప్పవచ్చును. 1957లో ట్రాంబేలో శిక్షణశాల స్థాపించి, కళాశాలల నుండి వచ్చిన యువతీయువకులకు అణువిద్య నేర్పిరి. 1969లో తారాపూరు కేంద్రము పని ప్రారంభించినది. మన విద్యుత్కేంద్రములు ఓడ దిగినవారి కొరకు ఎదురుచూడలేదు. 1988లో సోవియట్ రష్యా నుండి అద్దెకు తెచ్చిన చక్ర అను అణు జలాంతర్గామి మన విశాఖపట్టణపు రేవునకు వచ్చినది; 2009 జూలై 26న అరిహంత్ ఆ నగరముననే నీటిలోనికి దిగినది. దాని రియాక్టరునకు రూపకల్పన చేసినవారు ట్రాంబే శాస్త్రజ్ఞులు. నేలమీది నమూనా కల్పాక్కములో నడచినది. అమెరికాలో విద్య ఓడ నుండి ఒడ్డునకు వచ్చినది. మనకు ఒడ్డు నుండి ఓడకు పోయినది. దారి ఏదైనను, చోటు మారినప్పుడు విద్యను మరల తూచుకొనవలెనను ధర్మము రెంటికిని ఒక్కటే.

త్రీ మైల్ ఐలండ్‌లో చెడిన కేంద్రము మరల నడవలేదు. దాని ప్రక్కనున్న మొదటి కేంద్రము 2019 వరకు నిరపాయముగా నడచి ఆగినది. దానిని మరల నడపించెదమని 2024లో ప్రకటన వెలువడినది. అట్టి కేంద్రములకు ఆపరేటర్లు కావలెను. వారిలో ఓడ దిగి వచ్చు యువకులును, ఇప్పుడు యువతులును ఉందురు.

ఏరు దాటి తెప్పను తగులబెట్టువానిని మన పెద్దలు కృతఘ్నుడనిరి. అది నిజమే. కాని ఏరు దాటిన పిమ్మట తెప్పను నెత్తిన పెట్టుకొని మెట్టదారిని నడచువాని సంగతి ఏమి? ఆ బరువుతో వాడు ముందున్న గోతిని చూడలేడు. కొలువు మారిన ప్రతి మనుష్యుని ముందును ఈ రెండు తప్పులును పొంచియుండును. ఆ నలుగురు ఆపరేటర్లు తమకు నేర్పినదానిని నమ్మకముతో చేసిరి. ఆ నమ్మకమును నిందించుట తగదు. నేర్పినవారు మాత్రము, ఇది ఎందుకు, ఇది ఎంతవరకు అను రెండు మాటలు అదనముగా నేర్పియుండవలసినది. సైన్యమున గాని, కర్మాగారమున గాని, మన యింట పిల్లలకు గాని విద్య చెప్పునప్పుడు ఆ రెండు మాటలను మరువకుందుమని విన్నవించుచు సెలవు తీసికొనుచున్నాము.